చిత్త నుంచి 36 డిగ్రీలు దక్షిణానికి

టెలిస్కోప్ కొన్న ఇంట్లో మొదటి వారం పండగలాగే ఉంటుంది. చంద్రుడి మీది గుంతలు, శని చుట్టూ వలయం, గురుడి పక్కన వరుస కట్టిన నాలుగు చిన్న చుక్కలు. పక్కింటివాళ్లు కూడా మేడ ఎక్కి చూసిపోతారు. రెండు నెలలు గడిచేసరికి అదే టెలిస్కోప్ మీద పాత దుప్పటి కప్పి ఉంటుంది. ఉత్సాహం చచ్చిపోయిందని కాదు. కంటికి కనిపించేవన్నీ చూసేశారు. ఇక మిగిలినవి కంటికి కనిపించనివి. వాటి వైపు గొట్టాన్ని ఎలా తిప్పాలో తెలియదు.

పుస్తకాలు చెప్పే దారి ఒకటుంది. బాగా తెలిసిన నక్షత్రం దగ్గర మొదలుపెట్టి, పక్కనున్న మసక నక్షత్రానికి, అక్కడి నుంచి ఇంకో దానికి, అలా గెంతుకుంటూ వెళ్లడం. దీన్ని స్టార్ హాపింగ్ అంటారు. చీకటి బాగా ఉన్న పల్లెలో ఇది చక్కగా పనిచేస్తుంది. వాగు దాటాలంటే మధ్యలో రాళ్లు ఉండాలి కదా. నగరంలో వీధి దీపాల వెలుగు ఆ రాళ్లన్నింటినీ ముంచేసింది. మా ఇల్లు హైదరాబాద్ శివార్లలో. మే నెల రాత్రి మేడ మీద నిలబడితే నెత్తి మీద స్వాతి, దక్షిణాన చిత్త కనిపిస్తాయి. వాటితోపాటు ఓపికగా చూస్తే ఇంకో పాతిక, ముప్పై చుక్కలు. అంతే. గెంతడానికి రాయి లేదు.

నా టెలిస్కోప్ మామూలుదే. 114 మిల్లీమీటర్ల అద్దం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం. దాన్ని మోసే స్టాండు ఈక్వటోరియల్ మౌంట్. ఆ మౌంట్ మీద, ఒక్కో ఇరుసు చుట్టూ ఒకటి చొప్పున, అంకెలు చెక్కిన రెండు లోహపు చక్రాలు ఉన్నాయి. వాటిని సెట్టింగ్ సర్కిల్స్ అంటారు. ‘చౌక మౌంట్ల మీద అవి అలంకారం కోసమే, పట్టించుకోకండి’ అని అనుభవజ్ఞులు చాలామంది చెబుతారు. నేనూ రెండేళ్లు ఆ మాటే నమ్మాను. అందులో సగం నిజం ఉంది. రెండో సగం తెలియడానికి ఒక రాత్రంతా పొరపాట్లు చేయాల్సి వచ్చింది.

ఆకాశంలో చిరునామా

భూమ్మీద ఊరికి అక్షాంశం, రేఖాంశం ఉన్నట్టే ఆకాశంలో ప్రతి నక్షత్రానికీ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి డెక్లినేషన్. మన పంచాంగాల్లో దీన్నే క్రాంతి అంటారు. భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత నుంచి నక్షత్రం ఎన్ని డిగ్రీలు ఉత్తరానికి ఉందో, ఎన్ని డిగ్రీలు దక్షిణానికి ఉందో ఇది చెబుతుంది. ఉత్తరానికి ప్లస్, దక్షిణానికి మైనస్.

రెండోది రైట్ అసెన్షన్, తెలుగులో విషువాంశ. దీన్ని డిగ్రీల్లో కాకుండా గంటలు, నిమిషాల్లో కొలుస్తారు. వసంత విషువత్తు బిందువు దగ్గర సున్నా మొదలై, తూర్పుకి పోయేకొద్దీ పెరిగి, ఆకాశం చుట్టూ తిరిగి 24 గంటలకు మళ్లీ మొదటికి వస్తుంది. 24 గంటలంటే 360 డిగ్రీలు. కాబట్టి ఒక గంట 15 డిగ్రీలు, నాలుగు నిమిషాలు ఒక డిగ్రీ. ఈ నాలుగు నిమిషాల లెక్కను గుర్తుంచుకోండి, కాసేపట్లో అది మనల్ని ఇబ్బంది పెట్టబోతోంది.

ఈక్వటోరియల్ మౌంట్‌లో ఒక ఇరుసును భూమి అక్షానికి సమాంతరంగా నిలబెడతారు. ఆ ఇరుసు చుట్టూ తిప్పితే టెలిస్కోప్ విషువాంశ దిశలో కదులుతుంది. దానికి అడ్డంగా ఉన్న రెండో ఇరుసు మీద తిప్పితే క్రాంతి మారుతుంది. అంటే చిరునామాలోని రెండు అంకెలకీ రెండు ఇరుసులు, రెండు చక్రాలు. పుస్తకంలో అంకెలు చూసి, చక్రాలను ఆ అంకెల దగ్గరికి తిప్పితే వస్తువు కళ్ల ముందు ఉండాలి. కాగితం మీద ఇంత సులభం.

ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. 18వ శతాబ్దంలో సవాయి జైసింగ్ కట్టించిన జైపూర్ జంతర్ మంతర్‌లో చక్రయంత్రం అని ఒకటుంది. భూమి అక్షానికి సమాంతరమైన ఇరుసు మీద తిరిగే పెద్ద లోహపు చక్రం, దాని అంచున డిగ్రీల గీతలు. నక్షత్రం వైపు గురి చూసి క్రాంతిని నేరుగా చదివేవారు. నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత నుంచి ఆ నక్షత్రం ఎంత దూరంలో ఉందో కూడా ఆ యంత్రంతోనే కొలిచేవారు. కటకం లేదు, అద్దం లేదు. మిగతాదంతా మన మేడ మీది మౌంటే. తెలుగు నేల మీద విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల పెట్టుకున్నారు. తర్వాత దాన్ని నడిపిన ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆరు అంగుళాల ఈక్వటోరియల్ టెలిస్కోప్ సంపాదించి, 1874 డిసెంబర్ 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించారు. మోటార్లూ కంప్యూటర్లూ రాకముందు వేధశాలల్లో మసక వస్తువును వెతికి పట్టుకోవడానికి ఆధారం ఈ అంకెల చక్రాలే.

అర మిల్లీమీటర్ కథ

అయితే వాళ్ల చక్రాలకీ నా చక్రాలకీ ఒక పెద్ద తేడా ఉంది. అదే పరిమాణం.

నా మౌంట్ మీది చక్రం అడ్డుకొలత సుమారు 6 సెంటీమీటర్లు. చుట్టుకొలత 19 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దాన్ని 360 భాగాలు చేస్తే ఒక డిగ్రీకి వచ్చేది అర మిల్లీమీటర్. నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంటే ఈ చక్రం మీద పావు మిల్లీమీటర్. గీత మందమే అంతకన్నా ఎక్కువ. అందుకే విషువాంశ చక్రం మీద పది నిమిషాలకొకటి చొప్పున మాత్రమే గీతలున్నాయి. ఒక గీతకీ పక్క గీతకీ మధ్య రెండున్నర డిగ్రీలు. కన్ను దగ్గర పెట్టి ఎంత జాగ్రత్తగా చదివినా ఒక డిగ్రీ అటూ ఇటూ పోవడం ఖాయం.

డిగ్రీలో అరవయ్యో వంతును ఒక మిల్లీమీటర్ వెడల్పున చూపించాలంటే చక్రం ఎంత ఉండాలి? లెక్క వేస్తే అడ్డుకొలత దాదాపు 6.9 మీటర్లు వస్తుంది. జైసింగ్ రాతితో, సున్నంతో అంతంత కట్టడాలు ఎందుకు లేపాడో, జైపూర్‌లోని పెద్ద సమ్రాట్ యంత్రం ఎత్తు 27 మీటర్లు ఎందుకయిందో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. ఆ తర్వాత యూరప్‌లో లోహం మీద సన్నగా, సమానంగా గీతలు గీసే యంత్రాలు వచ్చాక పరికరాలు చిన్నవయ్యాయి. మన చౌక మౌంట్‌కి దక్కింది మాత్రం ఆ చిన్న పరిమాణమే, ఆ సన్నటి గీతలు కావు.

ఇప్పుడు ఐపీస్‌లో ఏం కనిపిస్తుందో చూద్దాం. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే నా టెలిస్కోప్ 36 రెట్లు పెద్దది చేస్తుంది. ఒకేసారి కనిపించే ఆకాశం వెడల్పు సుమారు 1.4 డిగ్రీలు. మధ్య నుంచి అంచుకి 0.7 డిగ్రీలు. చదవడంలో ఒక డిగ్రీ తప్పు, మౌంట్‌ను ఉత్తరానికి నిలబెట్టడంలో ఇంకో రెండు డిగ్రీల తప్పు. ఇన్ని తప్పులతో, అంకెలు చూసి తిప్పగానే వస్తువు ఐపీస్‌లో ఉండాలని ఆశించడం అత్యాశే. అలంకారం అన్నవాళ్లు చెప్పేది ఇదే. అది నిజమే.

కానీ చిరునామా తెలియకపోయినా మనం ఊళ్లో ఇల్లు కనుక్కుంటాం. ‘రామాలయం దగ్గర దిగి, తూర్పుకి నాలుగిళ్లు’ అంటే చాలు. అక్షాంశం అక్కర్లేదు. చక్రాలను కూడా అలాగే వాడాలి. ఆకాశంలో సొంతంగా ఒక చోటుని చూపించే శక్తి వాటికి లేదు. ఒక తెలిసిన నక్షత్రం నుంచి ఇంత దూరం జరుగు అంటే మాత్రం జరగగలవు.

లెక్క ఇలా ఉంటుంది. మౌంట్ ధ్రువం నుంచి రెండు డిగ్రీలు తప్పి నిలబడిందనుకోండి. ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఐపీస్ మధ్యకు తెచ్చి, రెండు చక్రాలనూ చేత్తో తిప్పి ఆ నక్షత్రం అంకెల దగ్గర పెడతాం. ఆ క్షణంలో, ఆ చోట తప్పు సున్నా. అక్కడి నుంచి పది డిగ్రీలు జరిగితే, ధ్రువం తప్పడం వల్ల వచ్చే తేడా రెండు డిగ్రీలు కాదు, స్థూలంగా దానిలో ఆరో వంతు. అంటే 20 నిమిషాల కోణం, డిగ్రీలో మూడో వంతు. అది ఐపీస్‌లో పట్టేస్తుంది. దగ్గరి నక్షత్రాన్ని ఎంచుకునేకొద్దీ తప్పు కరిగిపోతుంది. ధ్రువానికి మరీ దగ్గరి నక్షత్రాలకు మాత్రం ఈ లెక్క పనిచేయదు.

దీనితో ఇంకో లాభం ఉంది. భూమి అక్షం మెల్లగా ఊగడం వల్ల నక్షత్రాల చిరునామాలు కూడా ఏళ్ల తరబడి జరుగుతుంటాయి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి 2000 సంవత్సరపు అంకెలు. కొత్తవి కావాలా, పాతవి చాలా అని తల పట్టుకునేవాళ్లను చూశాను. తేడాలు మాత్రమే వాడేటప్పుడు ఆ బెంగ అక్కర్లేదు. పక్కపక్కనున్న రెండూ దాదాపు ఒకేలా జరుగుతాయి కాబట్టి తేడా మారదు.

17 డిగ్రీల ఎత్తున ధ్రువం

మౌంట్‌ను ఉత్తరానికి నిలబెట్టడం గురించి చదివేదంతా సాధారణంగా యూరప్, అమెరికా వాళ్లు రాసింది. అక్కడ ధ్రువ నక్షత్రం ఆకాశంలో సగం ఎత్తున ఉంటుంది. ధ్రువం ఎత్తు ఆ ఊరి అక్షాంశంతో సమానం. హైదరాబాద్‌కి అది 17.4 డిగ్రీలు, విజయవాడకి 16.5, తిరుపతికి 13.6. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలనుకుంటే రెండు పిడికిళ్లు కూడా కాదు. మా మేడ మీద నుంచి ఉత్తరాన ఆ ఎత్తులో కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు. ట్యాంకు అడ్డు లేనిచోట దుమ్ము, పొగమంచు అడ్డం.

ధ్రువ నక్షత్రం కనిపిస్తే మంచిదే. అసలు ధ్రువానికి అది డిగ్రీలో మూడింట రెండు వంతుల దూరంలోనే ఉంది. దాన్నే గురి పెట్టి వదిలేసినా మన పనికి చాలు. కనిపించకపోతే మూడు పనులు చేయాలి. నీటిమట్టం పెట్టి స్టాండును చదునుగా నిలబెట్టాలి. మౌంట్ పక్కనుండే అక్షాంశం స్కేలును 17 దగ్గర బిగించాలి. దిక్సూచితో ఉత్తరం చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో దిక్సూచి చూపించే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ. అయితే దిక్సూచిని ఉక్కు స్టాండుకు ఆనించి చూడకండి. శ్లాబులోని ఇనుప చువ్వలు కూడా ముల్లును లాగుతాయి, కాబట్టి నడుము ఎత్తున పట్టుకుని, రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోవడం మంచిది.

ఇంత తక్కువ అక్షాంశానికి మౌంట్‌ను వంచినప్పుడు కొన్నింటిలో కౌంటర్‌వెయిట్ కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. ఇది రాత్రి పూట, చీకట్లో తెలుసుకోవాల్సిన విషయం కాదు. పగలే ఒకసారి అన్ని వైపులా తిప్పి చూసుకోవాలి.

పోయిన గంట, దొరికిన గుంపు

ఆ రాత్రి నేను పెట్టుకున్న లక్ష్యం ఎం3. సుమారు 34,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గోళాకార నక్షత్ర గుచ్ఛం. 1764లో చార్లెస్ మెసియే కంటబడింది. మా ఆకాశంలో మామూలు కంటికి ఆ చోట ఖాళీ తప్ప ఏమీ లేదు. దగ్గర్లో తెలిసిన నక్షత్రం స్వాతి. స్వాతి చిరునామా 14 గంటల 16 నిమిషాలు, ప్లస్ 19 డిగ్రీలు. ఎం3ది 13 గంటల 42 నిమిషాలు, ప్లస్ 28 డిగ్రీల పైన. అంటే 34 నిమిషాలు పడమరకి, తొమ్మిది డిగ్రీలు ఉత్తరానికి.

స్వాతిని మధ్యకు తెచ్చాను. చక్రాలు సరిచేశాను. 13 గంటల 42కి తిప్పాను, క్రాంతి మార్చాను, కన్ను పెట్టాను. ఏమీ లేదు. చుట్టుపక్కల వెతికాను. మళ్లీ స్వాతికి వెళ్లి మళ్లీ వచ్చాను. మెడ పట్టేసింది, దోమలు పండగ చేసుకున్నాయి. దాదాపు గంట పోయింది.

తప్పు తర్వాత దొరికింది. చాలా చిన్న మౌంట్లలో విషువాంశ చక్రం మీద రెండు వరుసల అంకెలుంటాయి, ఒకటి ఉత్తరార్ధగోళం వాళ్లకి, ఇంకొకటి దక్షిణార్ధగోళం వాళ్లకి. రెండూ ఎదురెదురు దిశల్లో పెరుగుతాయి. నేను చదివింది ఆస్ట్రేలియా వాళ్ల వరుస. పడమరకి జరగాల్సిన టెలిస్కోప్ అంతే దూరం తూర్పుకి పోయింది. ఎం3కి 15 డిగ్రీల అవతల గంటసేపు శ్రద్ధగా వెతికానన్నమాట. ఏ వరుస మనదో గుర్తు పెట్టుకోవడానికి బొమ్మలు, సూచనల పుస్తకాలు అక్కర్లేదు. టెలిస్కోప్ ముందు భాగాన్ని తూర్పుకి తిప్పండి. ఏ వరుసలో అంకె పెరుగుతుందో అదే మనది. నేను మరుసటి రోజు రెండో వరుస మీద టేపు అంటించేశాను.

విసుగొచ్చి, విషువాంశ చక్రంతో పనే లేని లక్ష్యం ఏదైనా ఉందా అని కాగితాలు తిరగేశాను. ఉంది. చిత్త నక్షత్రం చిరునామా 13 గంటల 25 నిమిషాలు, మైనస్ 11 డిగ్రీల 10 నిమిషాలు. ఒమేగా సెంటారీ అనే మహా గుచ్ఛానిది 13 గంటల 27 నిమిషాలు, మైనస్ 47 డిగ్రీల 29 నిమిషాలు. గంటలు దాదాపు ఒకటే! చిత్తను పట్టుకుని, మొదటి ఇరుసును బిగించేసి, గొట్టాన్ని నిలువునా 36 డిగ్రీలు కిందికి దించితే చాలు.

ఈ ఒమేగా సెంటారీ విషయంలో మనం అదృష్టవంతులం. దాని క్రాంతి మైనస్ 47 డిగ్రీల దాకా ఉండడంతో 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటినవాళ్లకు అది అసలు ఉదయించదు. లండన్‌లో ఎంత ఖరీదైన టెలిస్కోప్ ఉన్నా ఇంటి నుంచి చూడలేరు. ఢిల్లీలో దిగంతానికి 14 డిగ్రీల పైన తచ్చాడుతుంది. హైదరాబాద్‌లో 25 డిగ్రీల ఎత్తుకి, తిరుపతిలో 29కి వస్తుంది. టాలెమీ కాలం నుంచి దాన్ని నక్షత్రమనే అనుకున్నారు. అందుకే 1603లో బేయర్ తన పటంలో నక్షత్రాలకు ఇచ్చినట్టే ఒమేగా అక్షరం ఇచ్చాడు. ఎడ్మండ్ హేలీ 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుంచి చూసి అది నక్షత్రం కాదని గమనించాడు. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి దాకా నక్షత్రాలున్న గుంపు. మన పాలపుంతలోని గోళాకార గుచ్ఛాల్లో ఇదే అతి పెద్దది.

మే మూడో వారంలో రాత్రి పదికి కాస్త ముందు చిత్త నడినెత్తి గీతను దాటుతుంది. నేను మొదలుపెట్టేసరికి అది దాటిపోయి కొంత సేపయింది. గీతకి రెండువైపులా ఉన్న వస్తువుల మధ్య ఇలా గెంతకూడదు. ఈ రకం మౌంట్‌లో వైపు మారితే గొట్టాన్ని అవతలి పక్కకు తిప్పాలి, అప్పుడు చక్రాల అమరిక చెడిపోతుంది. చిత్త, ఒమేగా సెంటారీ కలిసే దాటుతాయి కనుక ఆ చిక్కు లేదు.

చిత్త ఐపీస్ మధ్యలోకి వచ్చింది. క్రాంతి చక్రాన్ని 11 దగ్గర పెట్టాను. ఈ చక్రం మీద ప్లస్, మైనస్ గుర్తులుండవు. సున్నా నుంచి 90కి, 90 నుంచి మళ్లీ సున్నాకి అంకెలు తిరుగుతుంటాయి. దక్షిణానికి పోతున్నామా లేదా అన్నది మనమే చూసుకోవాలి. మొదటి ఇరుసును బిగించి, రెండో దాన్ని వదులు చేసి, గొట్టాన్ని దక్షిణ దిగంతం వైపు మెల్లగా దించాను. 20, 30, 40. నలభై ఏడున్నర దగ్గర ఆపి బిగించాను.

ఐపీస్‌లో ఏమీ లేదు. అయితే ఈసారి కంగారు పడలేదు, ఎందుకంటే 36 డిగ్రీలు పెద్ద గెంతు. నా మౌంట్ ధ్రువం నుంచి రెండు డిగ్రీలు తప్పి ఉంటే ఇంత దూరంలో డిగ్రీకి పైగా పక్కకి పోయే అవకాశం ఉంది. కేబుల్ పట్టుకుని విషువాంశ ఇరుసును మెల్లగా పడమరకి తిప్పాను. మూడు చుట్లు. తర్వాత వెనక్కి, తూర్పుకి. నాలుగో చుట్టు దగ్గర ఐపీస్ అంచు నుంచి ఒక బూడిద రంగు వెలుగు లోపలికి జారింది.

చంద్రుడంత వెడల్పున్న మసక ఉండ. మధ్యలో మెరుగ్గా, అంచుల్లో ఎక్కడ మొదలైందో తెలియనంత పలచగా. కళ్లు కాస్త చీకటికి అలవాటు పడ్డాక, సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే, ఉప్పు చల్లినట్టు గరుకుగా అనిపించింది. కిందికి వెళ్లి మా అమ్మాయిని నిద్ర లేపాను. తిరిగి వచ్చేసరికి అది ఐపీస్ దాటి వెళ్లిపోయింది. ఈ మౌంట్‌కి మోటారు లేదు.

నాలుగు నిమిషాల పోటీ

ఆకాశం ఒక డిగ్రీ జరగడానికి నాలుగు నిమిషాలు చాలు. ఐపీస్‌లో వస్తువు జారిపోవడం కనిపిస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. చక్రం విషయంలో అదే జరుగుతుందని మాత్రం తట్టదు. మోటారు లేని మౌంట్‌లో, నక్షత్రం దగ్గర చక్రాన్ని సరిచేసిన క్షణం నుంచే అది తప్పడం మొదలుపెడుతుంది. నిమిషానికి సరిగ్గా ఒక నిమిషం చొప్పున. టార్చి ఎక్కడుందో వెతికి, పుస్తకం తెరిచి, పేజీ పట్టుకునేసరికి ఐదు నిమిషాలైతే లక్ష్యం డిగ్రీకి పైగా పడమరకి వెళ్లిపోయి ఉంటుంది. మనం దానికి తూర్పున వెతుకుతుంటాం.

అందుకని లెక్కలన్నీ కిందే, ట్యూబులైటు వెలుగులో చేసుకుని కాగితం మీద రాసుకుని ఎక్కాలి. నక్షత్రం పేరు, దాని అంకెలు, లక్ష్యం అంకెలు, ఎటు తిప్పాలి అన్న బాణం గుర్తులు. మేడ మీద వరుసగా మూడే పనులు ఉండాలి. నక్షత్రాన్ని మధ్యకు తేవడం, చక్రాలు సరిచేయడం, వెంటనే తిప్పడం. రెండు నిమిషాల్లో అయిపోవాలి. దొరక్కపోతే అక్కడే తిరుగుతూ కూర్చోకుండా నక్షత్రం దగ్గరికి వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టడమే వేగమైన దారి.

ఇంకో ముచ్చట. విషువాంశ చక్రం చేత్తో తిప్పితే తిరిగేంత వదులుగా ఉంటుంది. ఇరుసు బిగించేటప్పుడు వేలు తగిలినా జరిగిపోతుంది, అదీ మనకు తెలియకుండా. బిగించాక అంకె ఇంకా అక్కడే ఉందా అని ఒక చూపు చూడాలి. క్రాంతి చక్రం మీద కొన్నింటిలో చిన్న మర ఉంటుంది, దాన్ని బిగిస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

మర్నాడు, టేపు అంటించిన చక్రంతో, ఎం3 దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి మొదటి ప్రయత్నంలోనే ఐపీస్ అంచున ఉంది. ఒమేగా సెంటారీని చూసిన కంటికి చిన్నదే, మంచు పట్టిన నక్షత్రంలా ఉంది. కానీ దాని చుట్టూ దారి చూపే ఒక్క చుక్క కూడా మా ఆకాశంలో లేదు.

ఒక సందేహం చాలామందికి వస్తుంది. 34 నిమిషాలంటే ఎనిమిదిన్నర డిగ్రీలు కదా, ఫైండర్‌లో చూస్తూ ఎనిమిదిన్నర డిగ్రీలు పడమరకి జరిగితే సరిపోదా? సరిపోదు. రేఖాంశాలు ధ్రువాల దగ్గర కలిసిపోయినట్టే ఆకాశంలో గంటల గీతలు కూడా ధ్రువం వైపు దగ్గరవుతాయి. ఎం3 ఉన్న ఎత్తులో ఆ 34 నిమిషాల అసలు దూరం ఏడున్నర డిగ్రీలే. కంటి కొలతతో వెళ్తే ఒక డిగ్రీ దాటిపోతాం. చక్రంతో ఈ గొడవ లేదు. ఇరుసు ధ్రువం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఆ సర్దుబాటు దానంతటదే జరిగిపోతుంది. అర మిల్లీమీటర్ గీతల చౌక చక్రం కూడా ఈ ఒక్క విషయంలో మన కంటి కన్నా నమ్మకమైనది.

ఇప్పుడు మోటార్లతో తనంతట తానే వెతుక్కునే గోటూ మౌంట్లు ఉన్నాయి, ఫోన్ కెమెరాతో ఆకాశాన్ని గుర్తుపట్టి దారి చెప్పేవీ వచ్చాయి. డబ్బుంటే కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. అయితే గోటూ మౌంట్‌ను ఆన్ చేయగానే అది మొదట అడిగేది ఏమిటో గమనించండి. రెండు మూడు తెలిసిన నక్షత్రాలను మధ్యకు తెచ్చి చూపించమంటుంది. అంత చిప్పు ఉన్నా, దానికీ రామాలయం దగ్గర దిగక తప్పదు.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, విషువాంశ జోలికి పోని జంటలతోనో, క్రాంతి మారని జంటలతోనో చేయి సాధన చేసుకోమని. ఒక్క చక్రమే తిరుగుతుంది కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. చిత్త నుంచి ఒమేగా సెంటారీ మొదటి రకం. రెండో రకానికి కూడా చిత్తే పనికొస్తుంది. దాని నుంచి సరిగ్గా 45 నిమిషాలు పడమరకి, క్రాంతిలో అర డిగ్రీ కూడా తేడా లేకుండా, ఎం104 అనే గెలాక్సీ ఉంది. అంచున నల్లటి పట్టీతో టోపీలా కనిపిస్తుంది కాబట్టి సోంబ్రెరో అంటారు. వేసవి తర్వాత అయితే అభిజిత్ నుంచి 17 నిమిషాలు తూర్పుకి, ఐదు డిగ్రీల 45 నిమిషాలు దక్షిణానికి జరిగితే లైరాలోని ఉంగరం నీహారిక ఎం57. అది చాలా చిన్నది, తక్కువ పవర్‌లో నక్షత్రమే అనుకుని దాటిపోతారు. ఐపీస్ మార్చి చూడాలి.

సోంబ్రెరో మా మేడ మీద నుంచి ఇంకా దొరకలేదు. చక్రం చెప్పిన చోటికి మూడుసార్లు వెళ్లాను. చోటు సరైనదే. చుట్టూ ఉన్న మసక నక్షత్రాలను పటంతో సరిపోల్చుకున్నాను. వీధి దీపాల వెలుగే దాన్ని మింగేస్తోంది. వచ్చే అమావాస్యకి మౌంట్‌ను ఊరికి తీసుకెళ్తున్నాను, టేపు అంటించిన చక్రంతో సహా.